పెట్రోలు మీద ఫిర్యాదు, బ్రేకులో కారణం

పాత కారున్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది. "పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. పది కిలోమీటర్లు బ్రహ్మాండంగా పోతుంది. ఆ తర్వాత లాగదు. ఎంత తొక్కినా ఈడ్చుకుంటూ పోతుంది. పక్కకు తీసి అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ మామూలే." ఈ మాట విన్నవాళ్లు ఆలోచించకుండా ఇచ్చే తీర్పు కూడా ఒకటే ఉంటుంది: కార్బొరేటర్లో చెత్త పడింది, సర్వీసు చేయించు. కార్బొరేటర్ విప్పుతారు, పెట్రోలుతో కడుగుతారు, కిట్ మారుస్తారు. బండి మళ్లీ పదకొండో కిలోమీటరు దగ్గర మొరాయిస్తుంది. అప్పుడు పెట్రోలు పంపు మారుస్తారు. అదీ అయ్యాక ఇగ్నిషన్ కాయిల్. డబ్బూ ఓపికా రెండూ అయిపోయాక ఎవరో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంటారు. చక్రం సెగలు కక్కుతూ ఉంటుంది. పెట్రోలు సమస్య అనుకున్నదంతా బ్రేకు సమస్య! బ్రేకులు పట్టేసి ఉంటే, ఇంజను మంచిదైనా బండిని ఎంతని లాగుతుంది?

లక్షణం కనబడిన చోటే జబ్బు ఉంటుందన్న నమ్మకం పాత కార్ల విషయంలో మనల్ని మోసం చేస్తుంది. అందులోనూ పెట్రోలు, బ్రేకు ఈ రెండూ ఒకదాని వేషం ఇంకొకటి వేసుకొని వస్తాయి. కాబట్టి ఏ భాగమైనా మార్చేముందు, అది దోషి అవునో కాదో తేల్చే పరీక్ష ఒకటి చేసి తీరాలి. మార్చి చూద్దాం అనడం పరీక్ష కాదు. ఇదీ నా వాదన. దీని మీద వచ్చే అభ్యంతరాలు బలమైనవే, వాటికీ జవాబు చెప్పుకుందాం. ముందుగా ఏ కార్ల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. కలకత్తా పక్కన ఉత్తరపారలో తయారైన అంబాసిడర్, బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800, వాటి ఈడు బండ్లు. మొదటిదానికి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, రెండోదానికి ఇటలీ ఫియట్ 1100. మారుతి 800 కూడా 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిసేదాకా కార్బొరేటర్ బండే. వీటిలో కంప్యూటర్ లేదు. తప్పు ఎక్కడుందో చూపించే దీపం డ్యాష్‌బోర్డు మీద వెలగదు. అది లోటుగా కనిపిస్తుంది గానీ, నన్నడిగితే వరమే. ఇందులో ప్రతిదీ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, చెవికి వినబడుతుంది. వరుసగా అడగడం తెలిస్తే చాలు, బండి అన్నిటికీ జవాబు చెబుతుంది.

మొదట చెప్పిన ఫిర్యాదునే తీసుకుందాం. వేడెక్కాక లాగడం లేదు, చల్లారితే బాగుంది. ఈ ఒక్క లక్షణానికి కనీసం నలుగురు అనుమానితులు ఉన్నారు. బ్రేకులు పట్టేయడం ఒకటి. పెట్రోలు పైపులోనో పంపులోనో ఆవిరి చేరడం రెండు. పెట్రోలు ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోవడం మూడు. వేడికి కాయిలో కండెన్సరో చేతులెత్తేయడం నాలుగు. నలుగురూ వేడెక్కితేనే బయటపడతారు, చల్లారగానే మంచివాళ్లయిపోతారు. అందుకే చల్లారిన బండిని షెడ్డులో నిలబెట్టి ఎంత చూసినా ఏమీ దొరకదు. నేరం జరుగుతున్నప్పుడే పట్టుకోవాలి. బండి బరువెక్కిందని అనిపించిన క్షణంలో, చదునుగా, ఖాళీగా ఉన్న చోట పక్కకు తీసి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు దించి, ఒకరు స్టీరింగు దగ్గర కూర్చోగా ఇంకొకరు వెనక నుంచి నెట్టాలి. మారుతి 800 లాంటి చిన్నబండిని చదును నేల మీద ఒక్క మనిషి నెట్టగలడు. అంబాసిడర్‌కైతే ఇద్దరు. కదలనని మొండికేస్తే కార్బొరేటర్ జోలికి పోనక్కర్లేదు, దోషి చక్రాల దగ్గరే ఉన్నాడు. సులువుగా దొర్లిపోతే బ్రేకులు నిర్దోషులు, ఇక పెట్రోలు వైపో కరెంటు వైపో చూడాలి. పైసా ఖర్చు లేదు, స్పానరు పట్టుకునే పని లేదు, రెండు నిమిషాల్లో నలుగురు అనుమానితుల్ని రెండు గుంపులుగా విడగొట్టేశాం.

బండి కదలలేదనుకుందాం. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి, ఎందుకంటే అసలు తమాషా అంతా ఇక్కడే ఉంది. బ్రేకు పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్లోని పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది, ఆ ఒత్తిడి పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. కాలు తీయగానే ఆయిల్ వెనక్కి రావాలి. ఆ రావడానికి మాస్టర్ సిలిండర్లో సూదిబెజ్జమంత రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు పెడల్ మీద లేనప్పుడు అది తెరిచి ఉండాలి. బ్రేకులు వాడేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పెరిగిన ఆ కాస్తా ఈ రంధ్రంలోంచే పై డబ్బాలోకి పోవాలి. ఏ కారణంగానైనా అది మూసుకుపోయిందా, పెరిగిన ఆయిల్‌కు దారి ఉండదు. అది చక్రాల వైపే నొక్కుతుంది, అంటే మీరు తొక్కకుండానే బ్రేకు పడుతుంది. పడిన బ్రేకు రాసుకొని ఇంకా వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఆయిల్ ఇంకా పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పది కిలోమీటర్లకు పెడల్ రాయిలా గట్టిపడి పైకొచ్చి నిలబడుతుంది, బండి ఈడుస్తుంది. అరగంట చల్లారితే ఆయిల్ సంకోచించి బ్రేకు దానంతటదే వదులుతుంది. పెట్రోలు ఫిర్యాదుకు ఇంతకంటే అచ్చమైన నకలు దొరకదు. ఆ రంధ్రం ఎందుకు మూసుకుపోతుంది? పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య ఉండే కడ్డీకి కొంచెం ఖాళీ ఆట ఉండాలి, రిపేరులో ఎవరో దాన్ని మరీ బిగించి ఉంటారు. లేదా తెలియకుండా బ్రేక్ ఆయిల్ బదులు ఇంజను ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోసి ఉంటారు. ఈ మామూలు ఖనిజ నూనెలు తగిలితే బ్రేకుల్లో వాడే రబ్బరు ఊరిన బఠాణీలా ఉబ్బిపోతుంది. ఒక్కసారి అలా పోశాక ఆయిల్ మార్చడంతో సరిపోదు, ఆ ఆయిల్ తగిలిన ప్రతి రబ్బరునూ తీసి పారేసి, పైపులన్నీ కడగాల్సిందే.

అనుమానం మాస్టర్ సిలిండర్ మీద పడింది గానీ, శిక్ష వేసేముందు ఇంకో పరీక్ష. కదలని చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో తిప్పి చూసి, ఆ చక్రం వెనకుండే గాలి తీసే నిపుల్‌ను అర చుట్టు వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయి ఉందన్నమాట. చిమ్మకుండా చక్రం ఇంకా బిగుసుకునే ఉంటే, తప్పు ఆయిల్‌ది కాదు, ఆ చక్రం దగ్గరే ఏదో తుప్పు పట్టి ఇరుక్కుంది. డిస్కు అయితే పిస్టన్, డ్రమ్ము అయితే బ్రేక్ షూ, వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేకు కేబుల్. ఒత్తిడి చిక్కుకున్నది నాలుగు చక్రాల్లోనా, ఒక్క చక్రంలోనా అన్నది తర్వాతి ప్రశ్న. నాలుగూ అయితే మాస్టర్ సిలిండరే. ముందు చక్రాల్లో ఒకటే అయితే దానికి వెళ్లే రబ్బరు హోస్ పైపును అనుమానించాలి. ఈ హోస్ గడుసుది. పైకి కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి పొర మాత్రం ఏళ్ల తరబడి ఉబ్బి, చీలి, తలుపు రెక్కలా వేలాడుతూ ఉంటుంది. కాలి బలానికి ఆయిల్‌ను ముందుకు పోనిస్తుంది, వెనక్కి మాత్రం రానివ్వదు. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుందన్న ఫిర్యాదుకు కూడా చాలాసార్లు ఇదే మూలం. వంద మెట్లు ఎక్కినట్టు అనిపించినా, ఈ పరీక్షలన్నీ కలిపి గంట పని. ఈ గంట పెట్టకుండా డిస్కులు, ప్యాడ్లు, వీల్ సిలిండర్లు వరుసగా మార్చుకుంటూ పోయినా, కొన్ని వందల రూపాయల హోస్ పైపు లోపలే నవ్వుకుంటూ కూర్చుంటుంది.

ఇప్పుడు రెండో గుంపు. నెడితే బండి సులువుగా దొర్లింది. ఇక్కడ కాలమే సాక్షి. ఆగకుండా పోతున్న బండి క్రమంగా నీరసించి ఆగిందా? అయితే ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి పీల్చుకున్నట్టు "స్స్" మని చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి స్టార్టయితే కేసు అక్కడితో సరి. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోని రంధ్రం దుమ్ముతో పూడిపోతే పంపు ఎంత పీల్చినా పెట్రోలు రాదు, మూత పెట్టిన ప్లాస్టిక్ సీసాను నోటితో పీల్చినట్టే. అలా కాక, బాగా పరుగెత్తిన బండిని టీ కోసమో సిగ్నల్ దగ్గరో ఆపి, తిరిగి బయల్దేరినప్పుడు మొరాయిస్తోందా? అయితే ఆవిరి. పెట్రోలు ఒకే ద్రవం కాదు, అనేక ద్రవాల కలగలుపు. అందులో తేలికవి 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో నీడలోనే 45 దాటే రోజులుంటాయి. ఆగిన బండి బానెట్ కింద గాలి ఆడక ఆ వేడి ఇంకా పెరుగుతుంది. పైగా పంపు పీల్చే వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ మరగడం ఇంకా తొందరగా జరుగుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. పాతకాలం డ్రైవర్లు తడిగుడ్డ ఒకటి పంపు మీద వేసేవారు. అది వైద్యమనుకున్నారు గానీ, నిజానికి దానికంటే గొప్పది, అది రోగనిర్ధారణ. పంపు ఒక్కదాని మీదే తడిగుడ్డ వేసినప్పుడు ఐదు నిమిషాల్లో బండి కోలుకుంటే ఆవిరేనని తేలిపోయింది. మిగిలిన పని పైపును వేడి భాగాలకు దూరంగా జరపడం, లేదా మధ్యలో వేడిని అడ్డుకునే రేకు బిగించడం.

రెండూ కాకపోతే పెట్రోలు అసలు కార్బొరేటర్ దాకా వస్తోందా అని చూడాలి. ఇంజను ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కడ్డీని చేత్తో ఒక్కసారి తోస్తే, చాలా కార్బొరేటర్లలో సన్నటి పెట్రోలు ధార ఒకటి లోపలికి చిమ్ముతుంది. చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉంది, పంపును అనవసరంగా మార్చొద్దు. ఇంజను మిస్సవుతోందంటే ఇక ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు. అప్పుడు కండెన్సరూ పాయింటూ కాయిలూ చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే రాలేదు. పింగాణీ తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. నల్లటి మసి పట్టి ఉంటే దానికి తలకిందులు. ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. బండి స్టార్టు కాకపోతే సీసాతో పెట్రోలు తెచ్చి కార్బొరేటర్ నోట్లో పోస్తూ సెల్ఫు కొట్టించడం మన షెడ్లలో మామూలు దృశ్యం. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నిందంటే ఆ మంట సీసాకూ చేతికీ ఒకేసారి అంటుకుంటుంది. ఎంత అనుభవజ్ఞుడు చేసినా అది పరీక్ష కాదు, ప్రాణంతో పందెం.

పెట్రోలూ బ్రేకూ ఒకదాని వేషం ఇంకొకటి వేస్తాయన్నానే, దానికి తిరుగులేని రుజువు బ్రేక్ బూస్టర్. కాలి బలానికి తోడుగా పనిచేసే ఆ నల్లటి డబ్బా, పెట్రోలు కార్లలో ఇంజను గాలి పీల్చే గొట్టం నుంచే శక్తి తీసుకుంటుంది. రెండింటినీ కలిపేది ఒక్క రబ్బరు పైపు. ఆ పైపు పగిలినా, డబ్బాలోపలి తోలులాంటి పొర చిరిగినా, కొలతకు మించిన గాలి ఇంజనులోకి దొంగచాటుగా చేరుతుంది. ఐడ్లింగ్ నిలబడదు, సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలుంచితే ఇంజను వణికి ఆగిపోతుంది. బండాయన "పెట్రోలు సెట్టింగ్ పోయింది" అంటాడు. మెకానిక్కు స్క్రూ తిప్పి పెట్రోలు పెంచుతాడు. ఐడ్లింగ్ నిలబడుతుంది, మైలేజీ పడిపోతుంది, బ్రేకు గట్టిపడిన సంగతి ఎవరికీ పట్టదు. దీనికి పరీక్ష చిన్నది. ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజను దగ్గర ఆ రబ్బరు పైపును గుడ్డతో చుట్టి గట్టిగా నొక్కిపట్టండి. ఇంజను శాంతిస్తే దొంగ అటువైపు ఉన్నాడు. బూస్టర్ పనిచేస్తోందా అని చూడాలంటే, ఇంజను ఆపి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్టు చేయాలి. పెడల్ పాదం కింద కాస్త కుంగితే బాగున్నట్టు. కుంగకపోతే లేదు. కార్బొరేటర్ స్క్రూ మీద చెయ్యి వేసేముందు బ్రేకు తొక్కి చూడమని చెప్పడం వింతగా ఉంటుంది గానీ, బండి కట్టుబడే అలా ఉంది.

ఇక అభ్యంతరాలకు వద్దాం. ఈమధ్య అన్నిటికంటే ఎక్కువగా వినపడేది, "ఇవన్నీ ఎందుకండీ, పెట్రోల్లో ఎథనాల్ కలుపుతున్నారు, అదే కారణం" అన్నది. ఇందులో నిజం లేదని అనను. 2022లో దేశమంతటా పది శాతానికి చేరిన ఎథనాల్, 2023 నుంచి ఇరవై శాతం వైపు నడిచింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో 14.7 పాళ్ల గాలి కావాలి, ఎథనాల్‌కు తొమ్మిది పాళ్లు చాలు. ఇరవై శాతం కలిసిన పెట్రోలుకు పదమూడున్నర దగ్గర్లో సరిపోతుంది. కంప్యూటర్ ఉన్న బండి ఆ తేడాను తానే సర్దుకుంటుంది. బిగించిన జెట్టుతో నడిచే కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత కొలతే పోస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. పైగా ఎథనాల్ తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరు పైపుల్నీ పంపు పొరనూ గట్టిపరచడమో ఉబ్బించడమో చేస్తుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు పంపుతుంది. ఇవన్నీ ఒప్పుకోవాల్సినవే. కానీ అంకెల్ని కూడా అడుగుదాం. ఎథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, పది శాతానికి సర్దిన కార్లలో ఇరవై శాతం వాడితే మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మరీ పాత బండికి ఇంకొంచెం ఎక్కువ పడుతుందనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే బండి అప్పుడు 14 దగ్గరికో, కొంచెం కిందికో రావాలి. పదికి పడిపోయిందంటే, అది మూడో వంతు నష్టం. అంత నష్టానికి ఎథనాల్ ఒక్కటే జవాబు కాలేదు. రాసుకుంటున్న బ్రేకో, కారుతున్న పైపో, తెరుచుకోకుండా ఇరుక్కున్న చోకో తోడై ఉండాలి. ఎథనాల్ మీద నెట్టేసి వెతకడం మానేస్తే, నిజంగా ఉన్న తప్పు నిశ్చింతగా పెరుగుతుంది. ప్రభుత్వ విధానం మీద కోపం ఉండవచ్చు, దాన్ని బ్రేక్ డ్రమ్ము మీద చూపించడం దండగ.

రెండో అభ్యంతరం డబ్బుది. పార్టులు చవక, మెకానిక్కు సమయం ఖరీదు, కాబట్టి పరీక్షల కంటే మార్చేయడమే లాభం అంటారు. కొత్త మోడల్ బండికి ఈ లెక్క కొంతవరకు చెల్లుతుందేమో. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, మారుతి 800ది కూడా ఆ ఏడే, పద్మినిదైతే ఇంకా ముందే. ఈ రోజు బజార్లో ఈ బండ్లకు దొరికే కొత్త పార్టుల్లో చాలావరకు నకళ్లు, మిగతావి అరల్లో ఏళ్ల తరబడి ఉండి రబ్బరు ఎండిపోయినవి. పనిచేస్తున్న అసలు పంపును తీసేసి నకిలీ పంపు బిగిస్తే, ఒక సమస్యతో వెళ్లినవాడు రెండు సమస్యలతో తిరిగి వస్తాడు. ఇంకొకటి, ఒకేసారి నాలుగు మార్చినప్పుడు బండి బాగుపడినా సరే, దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ ఆర్నెల్లకు అదే లక్షణం వస్తే మళ్లీ మొదటికే. ఇందులో మెకానిక్కును తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు. మనం అతనికి పార్టు మీద ఇస్తాం, బిగింపు మీద ఇస్తాం, ఆలోచించిన గంటకు ఎప్పుడైనా ఇచ్చామా? రంధ్రం మూసుకుపోయిన ట్యాంకు మూతను పిన్నీసుతో శుభ్రం చేసి బండి బాగుచేసినవాడికి యాభై రూపాయలివ్వడానికి వెనకాడి, అవసరం లేని పంపు మార్చినవాడికి రెండువేలు నవ్వుతూ ఇచ్చే మన అలవాటే ఈ పద్ధతిని పెంచి పోషించింది.

అనుభవం ఉన్న మెకానిక్కు చప్పుడు వినే చెప్పేస్తాడు, ఈ పరీక్షలు చేతగానివాళ్లకు అన్నది ఇంకో మాట. చెవి గొప్పదే. కానీ చెవి చెప్పేది ఊహ. ఎద్దుల సంతలో ఎంత పేరున్న బేరగాడైనా చూడగానే ఒక అంచనాకు వస్తాడు, ఆ తర్వాత నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. అంచనా ఉంది కదా అని పళ్లు చూడటం మానడు. మంచి మెకానిక్కులు కూడా అంతే, వాళ్లు పరీక్షలు చేస్తారు, కాకపోతే మాట్లాడుతూ చేతులతో చేసేస్తారు కాబట్టి మనకు కనబడవు.

అన్నిటికంటే నేను గౌరవించే అభ్యంతరం మరొకటి. బ్రేకులు ప్రాణంతో కూడిన వ్యవహారం, మామూలు మనిషి వాటి జోలికి పోవచ్చా అన్నది. పోకూడదు, విప్పడానికి పోకూడదు. నెట్టి చూడటం, కుడి ఎడమ చక్రాల దగ్గర చెయ్యి వెనుక భాగం దగ్గరగా పెట్టి వేడి పోల్చి చూడటం, పెడల్ తొక్కి గమనించడం మాత్రం ప్రతివాడూ చేయాల్సిన పని. నిపుల్ వదులు చేసే పరీక్షలాంటివి తెలిసినవాళ్ల చేత, మన కళ్లముందు చేయించుకోవాలి. పెడల్ భాష కూడా కష్టమైనదేమీ కాదు. మొదటిసారి తొక్కితే లోపలికి పోయి, రెండోసారి వెంటనే తొక్కితే పైకి వస్తే, ముందుగా వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ చూడమనాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరింది. సిగ్నల్ దగ్గర ఒకే బలంతో నొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారిపోతుంటే, ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు ఆయిల్‌ను పక్కకు వదిలేస్తోంది. ఈ చివరి లక్షణం కనబడిన బండిని ఇంటికి కూడా నడపొద్దు, ఉన్నచోట నుంచి తీసుకెళ్లమనండి. డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితోనో గాలిపైపుతోనో ఊదనివ్వకండి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

బ్రేక్ ఆయిల్ సంగతి విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే పెట్రోలు పైపులో జరిగిన ఆవిరి కథే ఇక్కడ ప్రమాదకరంగా పునరావృతమవుతుంది. మనం వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గాలిలో తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నాలుగు శాతానికి కొంచెం తక్కువగా నీరు చేరితే చాలు, ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. తిరుమల నుంచి దిగేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు నుంచి అనంతగిరి మలుపుల్లోనో ఆగకుండా బ్రేకు తొక్కుతూ వస్తే ఆ వేడి చేరడం కష్టం కాదు. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ ఒత్తిడి ఆవిరిని నలపడానికే సరిపోతుంది, చక్రానికి చేరదు. పెట్రోలు పైపులో ఆవిరి చేరితే బండి ఆగిపోతుంది. బ్రేకు పైపులో ఆవిరి చేరితే బండి ఆగదు. పైగా చల్లారాక చూస్తే పెడల్ గట్టిగా, బుద్ధిగా ఉంటుంది, "బ్రేకులు బాగానే ఉన్నాయే" అనిపిస్తుంది. పెట్రోలుకు తడిగుడ్డ ఎలాగో దీనికి తేదీ అలాగ. రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చాలి, అదీ అప్పుడే సీలు తీసిన డబ్బాతో. షెడ్డు మూలన మూత లేకుండా ఉన్న డబ్బాలోది నిన్ననే గాలిలో నీళ్లు తాగడం మొదలుపెట్టి ఉంటుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేని బండిని ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లొద్దు. తీసుకెళ్లాల్సే వస్తే, ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు వాడండి.

మీ ఇంట్లో పాత కారుంటే ఈసారి షెడ్డుకు తీసుకెళ్లేముందు ఒక చిన్న కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఎన్ని కిలోమీటర్లు నడిచాక తేడా వచ్చింది, ఆగి బయల్దేరాక వచ్చిందా ఆగకుండా నడుస్తుండగా వచ్చిందా, అప్పుడు నెడితే దొర్లిందా లేదా, బ్రేక్ ఆయిల్ ఆఖరిసారి మార్చిన తేదీ ఏమిటి. ఆ కాగితం మెకానిక్కు చేతికిచ్చి, ముందు తప్పెక్కడుందో చూడు, చూసినందుకు కూలి విడిగా ఇస్తాను, ఆ తర్వాతే ఏదైనా మార్చు అని చెప్పండి.